చూపును కొలిచే చదువు – మార్కులు, చేయూత

మన ప్రాంతంలో ‘కంటి డాక్టరు’ అనే మాట ఎరుగని ఇల్లు లేదు. అయితే చూపును కొలిచి, అందలి లోపం ఎంతో లెక్కగట్టి, దానికి తగిన అద్దమేదో నిర్ణయించే పనికి వేరొక చదువు, వేరొక పట్టా ఉన్నవని ఎరిగినవారు మాత్రం కొందరే. ఆ చదువే ఆప్టోమెట్రీ. మద్రాసులో 1985లో ఎలీట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ ఏర్పడినది. హైదరాబాదులో 1987లో నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలోనూ ఈ విద్య గరపుతున్నారు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ వృత్తిని తన పరిధిలోనికి తీసుకొన్నది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న ‘కంటి వెలుగు’, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో ‘వై.ఎస్.ఆర్. కంటి వెలుగు’ ఆరంభమైనప్పుడు, చూపు కొలవడం తెలిసిన మనుషుల అవసరం ఎంతటిదో పల్లె ప్రజలకు కూడ కండ్లకు గట్టినది.

ఇంటర్మీడియట్ ముగించి మన కళాశాల గడప దాటిన విద్యార్థినీ విద్యార్థులలో ప్రతి యేటా కొందరు ఈ కోర్సులో చేరుతున్నారు. చేరేటప్పటి ఉత్సాహం మేము చూస్తున్నాము. మొదటి సెమిస్టరు మార్కులు చేతికి వచ్చిన తరువాతి ముఖాలను కూడ చూస్తున్నాము. తెలుగు బోధించేవారికి కటకాలతో ఏమి పని అని ఎవరైనా అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. కాని ఆ పిల్లలు సెలవులకు వచ్చి తమ కష్టం చెప్పుకొనేది తమ భాషలోనే. అందుచేత ఆ కథలు మా చెవిన పడుతున్నవి; వాటిని ఈ సంచిక ద్వారా విద్యార్థుల ఎదుటను, కమిటీవారి ఎదుటను పెట్టడం మా విధిగా తలుస్తున్నాము.

ఈ కోర్సులో ఎక్కువమంది తడబడేది కంటి శరీర నిర్మాణంలో కాదు, రోగాల పేర్లలోనూ కాదు. అవి బై.పి.సి. చదివినవారికి అలవాటైన దారులే. తడబాటు కాంతిశాస్త్రం దగ్గర. లెక్కలంటే బెదరి బై.పి.సి.లో చేరిన పిల్లవాడు, లెక్కల పీడ వదిలినదని రెండేండ్లు నిశ్చింతగా ఉండి, మూడవ యేట ఆప్టోమెట్రీ తరగతిలో కూర్చునేసరికి అదే లెక్క కటకం రూపంలో ఎదురుగా వచ్చి నిలుస్తుంది. నాభ్యంతరం అర మీటరు అయితే కటక శక్తి రెండు డయాప్టర్లు. ఇది అందరికీ వచ్చును. ధన, ఋణ గుర్తులు చేరి, రెండు కటకాలు పక్కపక్కన నిలిచి, వాటి మధ్య కొంత దూరం కూడ ఉన్నదనగానే కలం ఆగిపోతుంది. అక్కడినుండి సూత్రాలను బట్టీపట్టడం మొదలవుతుంది. అంకెలు మార్చి అడిగిన ప్రశ్నకు బట్టీ పనికిరాదు గనుక మార్కులు జారుతవి.

ఒక ఉదాహరణం చెబుతాము. కళ్ళజోడు చీటీ మీద గోళాకార శక్తి ధనం రెండు, స్థూపాకార శక్తి ఋణం ఒకటి, అక్షం 90 డిగ్రీలు అని ఉన్నదనుకొందాము. దీనినే మరొక విధంగా గోళాకార శక్తి ధనం ఒకటి, స్థూపాకార శక్తి ధనం ఒకటి, అక్షం 180 అని వ్రాయవచ్చును. అద్దం ఒక్కటే, వ్రాత వేరు. ఈ మార్పిడి చేయడానికి విద్యార్థులు మూడు మెట్ల సూత్రమొకటి వల్లిస్తారు: రెంటిని కలుపు, గుర్తు మార్చు, అక్షాన్ని తొంబది డిగ్రీలు తిప్పు. పరీక్ష హాలులో ఆ మెట్లలో ఒకటి మరచిపోతే ఇక దిక్కు తోచదు. అట్లా కాక, అద్దంలో నిలువు దిక్కున శక్తి ఎంత, అడ్డం దిక్కున ఎంత అని కాగితం మీద ఒక కూడిక గుర్తు గీసి చూచుకొన్నవాడికి నిలువున రెండు, అడ్డాన ఒకటి అని తేటగా కనబడుతుంది. ఏ వ్రాతలో వ్రాసినా ఆ రెండు అంకెలు మారవు. ఈ చిన్న బొమ్మ మాకు చూపినది మన పూర్వ విద్యార్థియే. ఆమెకు దానిని చూపినది పై తరగతి విద్యార్థిని. తరగతిలో అధ్యాపకులు చెప్పలేదా అంటే, చెప్పారట. అప్పుడు ఇంగ్లీషు వాక్యాన్ని అర్థం చేసికొనే ప్రయత్నంలో ఉండి బొమ్మను చూడలేదట!

ఆ మాటలో మా వాదమంతా ఉన్నది. ఉర్దూ మాధ్యమంలోనో తెలుగు మాధ్యమంలోనో పదవ తరగతి వరకు చదివిన విద్యార్థికి ఇంగ్లీషు పాఠ్యగ్రంథం ముందు కలిగే తడబాటును మనం తెలివితక్కువగా లెక్కకడుతున్నాము. వారు కూడ అట్లే లెక్కకట్టుకొంటున్నారు. ‘ప్రెస్బయోపియా’ అన్న మాటకు నిర్వచనం పది మార్లు వ్రాసినా నిలువలేదని ఒకరు వాపోయినారు. వారి నాయనమ్మకు చత్వారం వచ్చి సూదిలో దారం ఎక్కించలేక మనుమరాలిని పిలిచే సంగతి వారికి తెలియనిది కాదు. నలభై అనే అర్థమిచ్చే సంస్కృత పదంతో ముడిపడిన మాట చత్వారం. ఏ వయస్సులో ఆ మార్పు తెలియవస్తుందో పేరులోనే ఉన్నది. ఊళ్ళో ‘సైటు’ అంటారు, బడిపుస్తకం హ్రస్వదృష్టి అంటుంది, కళాశాల గ్రంథం ‘మయోపియా’ అంటుంది. మూడూ ఒక్కటేనని గుర్తుపట్టినవాడికి సగం భారం తగ్గుతుంది. (సందర్భం వచ్చినది గనుక ఒక మాట: దృష్టి అన్న మాటే వికృతి చెంది ‘దిష్టి’ అయినది, ఉర్దూలోనూ చూపుకు, దిష్టికి ‘నజర్’ ఒక్కటే. మన రెండు భాషలు ఈ విషయంలో ఒకే కంటితో చూచినవి.)

ఇంగ్లీషు వలదని మేము అనడం లేదు. పరీక్ష ఆ భాషలో, గ్రంథాలు ఆ భాషలో, రేపటి వైద్యసభలు ఆ భాషలో. మేము చెప్పేది క్రమాన్ని గురించి. విషయాన్ని ముందు తనకు తెలిసిన భాషలో తనకు తాను చెప్పుకొని, పిమ్మట ఇంగ్లీషులో వ్రాయడం అభ్యసించాలి. రెండు పనులూ ఒక్కసారి నెత్తికెత్తుకొన్నవారే పడిపోతున్నారు.

ఇక చదివే తీరు. పరీక్షకు ముందు మూడు రాత్రులు మేలుకొని పుస్తకం నాలుగు మార్లు తిరగవేయడం మన విద్యార్థులలో శౌర్యంగా చెలామణి అవుతున్నది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు అమెరికాలో ఒక పరిశోధన ప్రకటించినారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినారు. మరికొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, జ్ఞాపకమున్నంత వ్రాసినారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారం తరువాత పరీక్షిస్తే మూసి వ్రాసినవారిదే పైచేయి. దీనికి మనం ఆశ్చర్యపడవలసిన పని లేదు. మన వీధిబడులలో పంతులుగారికి పాఠం అప్పజెప్పనిదే ఇంటికి వెళ్ళనిచ్చేవారు కారు. మదర్సాలో కంఠస్థం చేసే పిల్లవాడు ఈనాటి సబఖ్‌తో పాటు మొన్నటి పాఠాన్ని, ఏనాడో ముగించిన పాత భాగాన్ని కూడ రోజూ ఉస్తాదుకు వినిపిస్తాడు. అర్థం తెలియని బట్టీని మేము సమర్థించడం లేదు. పాతదాన్ని విడువకుండ అప్పజెప్పే ఆ క్రమాన్ని మాత్రం ఏ ఆధునిక విద్యార్థి అయినా స్వీకరించవచ్చును. ఇంట్లో వినేవారికి ఆ శాస్త్రం తెలిసి ఉండనక్కరలేదు. తల్లి వంటచేస్తూ ‘ఊఁ, తరువాత?’ అంటే చాలును.

అయితే ఈ శాస్త్రంలో కొంత భాగం పుస్తకానికి లొంగదు. రెటినోస్కోపీ అనే పరీక్ష ఉన్నది. రోగి కంటిలోనికి సన్నని కాంతిరేఖను పంపి అటూ ఇటూ కదిపితే, కంటిపాపలో ఎర్రని వెలుగు కదులుతుంది. అది రేఖతో పాటు కదిలితే ధన కటకాలు చేర్చాలి, ఎదురు కదిలితే ఋణ కటకాలు చేర్చాలి; కదలిక పోయి పాప అంతా ఒక్కసారిగా వెలిగే చోటు పట్టుకోవాలి. పరీక్షకుడు మూడింట రెండు వంతుల మీటరు దూరాన కూర్చున్నందుకు వచ్చిన అంకెలోనుండి ఒకటిన్నర డయాప్టర్లు తీసివేయాలి. ఇంతే పాఠం; పది నిమిషాలలో చదువవచ్చును. చేతికి రావడానికి నెలలు పడుతుంది. మగ్గంపని నేర్చుకొన్న పిల్లలు ఈ సంగతి చెప్పకుండనే గ్రహిస్తారు. నమూనా కన్ను మీద కూడ సాధన చేయవచ్చును. ఆ నమూనా కన్ను ప్రయోగశాల బీరువాలో తాళం వేసి ఉన్నదని, అడిగితే ఇస్తారని తెలియక ఒక సంవత్సరం గడిపినవారు ఉన్నారు. అడుగవలెనని ఎవరూ చెప్పలేదు. వారికై వారు అడుగలేదు.

ప్రాక్టికల్స్‌లో మన పిల్లలకు ఒక మేలు కూడ ఉన్నదని చెప్పక తప్పదు. అద్దాలు మార్చుతూ ‘మొదటిదా, రెండవదా, ఏది బాగున్నది?’ అని రోగిని అడగడం పరీక్షలో ముఖ్యమైన ఘట్టం. ముసలివారు ‘రెండూ బాగనే ఉన్నయి బిడ్డా’ అంటారు. పాతనగరం పెద్దమ్మ ‘దోనో ఏకీచ్ హై’ అంటుంది. ఆ జవాబు వెనుక అలసట ఉన్నదో, మొగమాటం ఉన్నదో, నిజంగానే తేడా కనబడలేదో కనిపెట్టగలవాడే మంచి పరీక్షకుడు. రెండు భాషలు, వాటి మర్యాదలు తెలిసిన మన విద్యార్థులు ఇందులో ఎవరికీ తీసిపోరు. చివరి సంవత్సరం ఆసుపత్రిలో పనిచేసేటప్పుడు వారు రాణిస్తున్నారని వింటున్నాము. ఆ చివరి సంవత్సరం దాక వారు నిలిచి ఉండాలి గదా!

నిలువలేనివారి సంగతి చెప్పవలసి ఉన్నది. మన కళాశాలలో ఇంటర్మీడియట్ మొదటి తరగతిలో ఉత్తీర్ణురాలైన ఒక విద్యార్థిని ఒక ప్రైవేటు కళాశాలలో ఆప్టోమెట్రీలో చేరినది. తండ్రి ఆటో నడుపుతాడు. మొదటి సెమిస్టరులో ఒక్క పేపరు, కాంతిశాస్త్రం, తప్పినది. తప్పిన పేపరు మళ్ళీ వ్రాసుకోవచ్చునని, దానికి గడువు ఉన్నదని ఆ కుటుంబానికి అర్థమయ్యేలా చెప్పినవారు లేరు. కార్యాలయంలో అడుగబోతే నోటీసు బోర్డు చూచుకొమ్మన్నారట. బోర్డు మీది ఇంగ్లీషు ప్రకటన తండ్రికి ఏమి తెలుస్తుంది? ‘చదువు అచ్చిరాలేదు’ అని నిర్ణయం జరిగిపోయినది. సంబంధాలు చూడడం మొదలైనది. ఇదంతా మాకు తెలిసేసరికి ఆరు నెలలు గడచినవి. అదే పేపరు తప్పిన మరొక కుర్రవాడు, అతని మేనమామ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తున్నందున ఆయన వద్ద కూర్చుని కటకాలు చేతపట్టి చూచి, తిరిగి వ్రాసి, గట్టెక్కినాడు. ఇద్దరిలో తెలివిగలది ఆమెయే అని తరగతిగదిలో ఇద్దరినీ చూచినవారముగా చెప్పగలము. తేడా మేనమామ!

అందుచేత ‘చేయూత’ అన్నది దయాధర్మం కాదని, విద్యలో భాగమని మా అభిప్రాయం. చదువుకొన్న ఇళ్ళలో పుట్టిన పిల్లలకు ఆ చేయూత అన్నయ్య రూపంలో, పినతండ్రి రూపంలో భోజనాల దగ్గరే దొరుకుతుంది. దానినెవరూ సహాయమని పిలువరు. మొదటిసారి కళాశాల ముఖం చూచిన ఇంటి బిడ్డ అదే సహాయం అడిగితే మాత్రం బలహీనత అంటున్నాము. ‘సహాయం ఎక్కువైతే పిల్లలు సోమరులవుతారు’ అని మన సహాధ్యాపకులలో కొందరు వాదిస్తున్నారు. వారి అనుభవాన్ని మేము గౌరవిస్తున్నాము. కాని సోమరి సహాయం అడుగడు, జవాబు అడుగుతాడు. సందేహం అడిగేవాడు అప్పటికే కొంత శ్రమపడి వచ్చినవాడు.

కాంతిశాస్త్రం మాట వచ్చినప్పుడల్లా మనవారు ఇబ్నుల్ హైసమ్ పేరు చెప్పి మురిసిపోతారు. మురియదగినదే. బస్రాలో పుట్టి కైరోలో నివసించిన ఆ పండితుడు పదకొండవ శతాబ్దిలో వ్రాసిన ‘కితాబుల్ మనాజిర్’, కంటినుండి కిరణాలు వెలువడి వస్తువును తాకుతవన్న పాత సిద్ధాంతాన్ని త్రోసిపుచ్చి, వస్తువునుండి వచ్చే కాంతియే చూపుకు కారణమని నిరూపించినది. లాటిను భాషలోనికి వెళ్ళి యూరపు పండితులకు పాఠమైనది. అయితే ఆయన మరొక గ్రంథం పేరు మన విద్యార్థులకు తెలియజేయాలని మా కోరిక. టాలెమీ అంతటి మహాపండితుని సిద్ధాంతాల మీద ఆయన ‘అష్షుకూక్’ అనే గ్రంథం వ్రాసినాడు. షుకూక్ అంటే షక్ అన్న మాటకు బహువచనం, సందేహాలు అని అర్థం. అంతటివాడు తన సందేహాలను పుస్తకంగా కట్టి లోకం ముందు పెట్టినాడు. మన పిల్లలు వెనుక బల్ల మీద కూర్చుని, పక్కవారు నవ్వుతారేమోనని, ‘దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలి’ అన్న సందేహాన్ని నాలుగు నెలలు కడుపులో దాచుకొంటున్నారు! ఆయన పేరు చెప్పుకొన్నందువలన ఎవరికీ కాంతిశాస్త్రంలో ఒక్క మార్కు పెరగదు. ఆయన వలె అడిగినందువలన పెరుగవచ్చును.

విద్యార్థులకు మరొక రెండు మాటలు చెబుతాము. మార్కులు తగ్గినవని తెలియడానికి సెమిస్టరు ఫలితాల దాక ఆగవద్దు. మొదటి అంతర పరీక్ష కాగితం చేతికి వచ్చిన రోజే ఆ కాగితంతోనే అధ్యాపకుని దగ్గరకు వెళ్ళాలి. ‘సార్, నాకేమీ అర్థం కావడం లేదు’ అన్నవారికి ఏమి చెప్పాలో ఏ అధ్యాపకునికీ తోచదు. ‘ఈ మూడవ పంక్తి వరకు వచ్చినది, ఇక్కడ ఆగిపోయినాను’ అన్నవారికి అయిదు నిమిషాలలో దారి దొరుకుతుంది. ఇక ముగ్గురు నలుగురు కలిసి చదువుకోవడం మంచిదే గాని, అందరూ ఒకే పాఠంలో వెనుకబడినవారైతే ఆ కూటమి చాయ్ కూటమిగా మారుతుంది. పై తరగతివారొకరు తప్పక ఉండాలి. సూత్రం వెనుక మనిషిని చూడడం కూడ అలవరచుకోవాలి. నాలుగు డయాప్టర్ల కటకాన్ని అర సెంటీమీటరు పక్కకు జరిపి బిగిస్తే రెండు ప్రిజం డయాప్టర్ల వంపు ఏర్పడుతుందని ప్రెంటిస్ నియమం చెబుతుంది. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. బయట అది కళ్ళజోడు పెట్టుకొన్న మనిషికి సాయంత్రమయ్యేసరికి వచ్చే తలనొప్పి కావచ్చును. ఆ తలనొప్పిని తలచుకొని లెక్క చేసినవారు దశాంశ బిందువును అలవోకగా జరుపరు.

కమిటీవారికి మా విన్నపం. మన కళాశాల బాధ్యత ఇంటర్మీడియట్ సర్టిఫికెట్టుతో తీరిపోయినదని వాదించవచ్చును. నియమావళి ప్రకారం ఆ వాదం సరియైనదే. కాని మన పిల్లలు పైచదువులలో ఎందరు చేరినారో వార్షికోత్సవ నివేదికలో చదివి చప్పట్లు కొట్టించుకొంటున్నప్పుడు, వారిలో ఎందరు మొదటి యేడు దాటినారో కూడ తెలిసి ఉండడం ధర్మం. దానికి ఒక రిజిస్టరు చాలును. ఎవరు ఏ కోర్సులో చేరినారు, ఏ కష్టంలో ఉన్నారు, ఎవరు ఎవరికి సహాయపడగలరు అని వ్రాసుకొనే రిజిస్టరు. ఆప్టోమెట్రీ ముగించి ఆసుపత్రులలోను, దుకాణాలలోను పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థులు పిలిస్తే ఆదివారం పూట రావడానికి సిద్ధంగా ఉన్నారు. ఇద్దరిని మేము అడిగినాము, ఇద్దరూ కాదనలేదు. వారి పాత పుస్తకాలు కూడ ఇస్తామన్నారు. ముఖ్య అతిథుల పూలదండలకయ్యే ఖర్చులో కొంత తగ్గించినా, సాధన కొరకు ఒక కటకాల పెట్టె సమకూర్చుకొనే ఆలోచన చేయవచ్చునని మా మనవి.

అన్నిటికన్న ముందు కావలసినది, ఇంటర్మీడియట్ పరీక్షలకు, కొత్త కోర్సులో చేరడానికి నడుమ ఉన్న ఖాళీ వారాలలో బై.పి.సి. విద్యార్థులకు లెక్కల తరగతి. భిన్నాలు, గుర్తులు, కోణాలు, అద్దాలు, కటకాలు. ఇంతకు మించి అక్కరలేదు. ఉర్దూ పదం, తెలుగు పదం, ఇంగ్లీషు పదం మూడు వరుసలుగా నల్లబల్ల మీద వ్రాసి చెప్పాలి. పదాల పట్టిక తయారుచేసే పని ఉర్దూ శాఖవారు, మేము కలిసి చేస్తాము. గణిత శాఖ మిత్రులు వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వడానికి ఒప్పుకొన్నారు. ఆడపిల్లలు చీకటి పడక ముందే ఇల్లు చేరాలి గనుక తరగతి నాలుగింటికి మొదలై అయిదున్నరకు ముగియాలి. గ్రంథాలయం వెనుకనున్న గది రెండేండ్లుగా విరిగిన బల్లలతో నిండి ఉన్నది. దానిని ఖాళీ చేయించి, ఒక నల్లబల్ల, నాలుగు బెంచీలు వేయించి, ఈ వేసవి నుండే తరగతి జరుపుకోవడానికి అనుమతి ఇవ్వవలసినదిగా కమిటీవారిని కోరుతున్నాము.